వాడి గొంతు మరలో పోసిన గంట

ముట్టుకోవద్దని అమ్మాయి చెప్పి వెళ్ళలేదు. చెప్పి ఉంటే ఈ గంటంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని, ఎందుకంటే కరెంటుతో నడిచే వస్తువేదైనా ఏదో ఒక రోజు నా చేతిలోనే పేలుతుందని నా నమ్మకం, ఇస్త్రీపెట్టె స్విచ్ కూడా మొహం పక్కకి తిప్పుకునే వేస్తాను. కానీ అది చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగి, "కావాలంటే నొక్కి చూడమ్మా, కరవదులే" అని నవ్వి మెట్లు దిగిపోయింది. ఆస్పత్రికి వెళ్ళింది, చెవి పరీక్ష కాగితం తెచ్చుకోవడానికి. ఇప్పుడు పది. పదకొండుకల్లా వచ్చేస్తానంది. రెండింటికి సౌండ్ పనివాళ్ళ సంఘంలో విచారణ. ఈ మధ్యలో ఒక గంట ఉంది, ఆ గంటలో నేనూ, టేబుల్ మీద నిన్న వచ్చిన ఈ డబ్బా, నా ఫోనూ, ముగ్గురం ఉన్నాం. ఆస్పత్రిలో పేరు పిలుస్తారు, అమ్మాయి ఎటో తిరిగి కూర్చుని ఉంటుంది, వినబడదు, వెనకవాళ్ళు దాటి ముందుకు పోతారు, కాగితం రేపు రమ్మంటారు, రేపటికి విచారణ అయిపోయి ఉంటుంది. లేదా పిలుపు వినిపించి గబుక్కున లేచి తడిగచ్చు మీద కాలు జారుతుంది. నా బుర్ర ఇలాగే నడుస్తుంది, ఆపమంటే ఆగదు. పిండిమిల్లులో నాతో పాటు జల్లెడ పట్టే వదిన అంటుంది, "నువ్వు పుట్టినప్పుడు నర్సు నిన్ను ఏడిపించడానికి కొట్టక్కర్లేకపోయుంటుంది, ఏమవుతుందోనని నువ్వే ముందు ఏడ్చుంటావ్" అని. ఇవాళ ఆవిడకి పన్నునొప్పని అబద్ధం చెప్పి సెలవు పెట్టాను. ఆ అబద్ధానికి ఇప్పుడు నిజంగానే పన్ను లాగుతోంది.

డబ్బా అంటే అమ్మాయికి కోపం, శాంప్లర్ అనాలట. నిన్న కత్తెర తెచ్చేదాకా కూడా ఆగకుండా అట్టపెట్టెని చేత్తోనే చించేసింది, పదకొండు నెలల తర్వాత దాని మొహంలో సంతోషం చూశాను. లోపల నల్లగా, లావుపాటి నిఘంటువుని పడుకోబెట్టినంత ఉంది. ఎత్తి చూడమంటే ఎత్తాను, అనుకున్నదానికంటే బరువుంది, ఆ బరువు నాకు నచ్చింది, తేలిగ్గా ఉండే వస్తువుల్ని నేను నమ్మను. పైన రబ్బరు చదరాలు పదహారు, నాలుగు వరసలు, నొక్కితే కొత్త రబ్బరులా కాస్త లోపలికి పోయి వేలిని మళ్ళీ పైకి తోస్తాయి, వాటిని ప్యాడ్లంటారట. అగ్గిపెట్టెలు మూడు పేర్చినంత తెర. తెర పక్కన తిప్పే నాబ్‌లు నాలుగు. ఆ నాబ్‌లు చూడగానే డబ్బాని టేబుల్ మీద పెట్టేశాను, అమ్మాయి మాత్రం ఏమీ పట్టనట్టు వాటిని ఒక్కొక్కటే వేలితో తిప్పి చూసుకుంది. "శాంప్లర్ అంటే ఏంటే?" అన్నాను. "విన్నదాన్ని దాచుకునేది. ఇరవై ఏళ్ళ కిందట ఎవరెవరు నిన్ను ఏమేమన్నారో నువ్వు దాచుకోవూ? అలాగ." "మరి అట్టపెట్టె మీద రాసిన ఈ గ్రా, గ్రాను, ఇదేంటి?" "గ్రాన్యులర్. అసలు సంగతంతా అందులోనే ఉంది. నీకెలా చెప్పాలి... మీ మిల్లులో గింజ పోస్తే పిండి అవుతుందిగా. ఇందులో మాట పోస్తే మాట పిండి అవుతుంది. బరకగా కావాలంటే బరకగా, మెత్తగా కావాలంటే మెత్తగా." నేను అయ్యో అన్నాను, ఎందుకన్నానో నాకే తెలియదు, మాట పిండి కావడమేంటని కాబోలు. అది చటుక్కున ఒక మీట నొక్కి నా అయ్యోని పట్టేసింది. నాలుగో వరసలో మొదటి చదరం నొక్కితే నేను అయ్యో అంటున్నాను. నాబ్ తిప్పింది, అయ్యో పగిలింది, ఇంకా తిప్పింది, రేకు కప్పు మీద వాన మొదలైనట్టయింది, నా గొంతే, కానీ నేను లేను. "చూశావా, నీ భయంతో వాన కురిపించాను" అని అది నవ్వుతుంటే నేనూ నవ్వాను, నవ్వుతూనే అనుకున్నాను, ఇందులో వాడి గొంతు పోయాలి.

వాడు అంటే అమ్మాయి పనిచేసిన స్టూడియో యజమాని. దానికి సార్. నాకు చక్కెర గొంతువాడు, ఎందుకంటే మొదటి రోజు ఫోన్లో "అమ్మా, పాప మా ఇంటి పిల్ల అనుకోండి" అన్నప్పుడు ఆ గొంతు ఎంత తియ్యగా ఉందంటే నేను నిలబడి మాట్లాడాను. దాని పని శబ్దాలు శుభ్రం చెయ్యడం. ఒకరోజు ఎక్కడో రికార్డు చేసి తెచ్చిన వాన శబ్దంలో సన్నటి గీరు ఒకటి ఉందట, ఇసుక రేణువంత, దాన్ని వెతుకుతోంది. అలా వెతికేటప్పుడు వీళ్ళు హెడ్‌ఫోన్ కుడి చిప్పని చెవి వెనక్కి తోసేసి, ఎడమ చిప్పని చేత్తో అదిమి, కళ్ళు మూసుకుంటారు. కళ్ళు మూసుకుంది కదా, నిద్రపోతోందనుకున్నాడు. అనుకున్నాడో, అనుకున్నట్టు నటించాడో. వెనకనుంచి వచ్చి శబ్దం పెంచే నాబ్ ఫుల్లుగా తిప్పేశాడు. గదిలో ఇద్దరే ఉన్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "అమ్మా, ఎడమ చెవిలో ఈల వేస్తోంది, రేపు పనికి వెళ్ళను, డాక్టర్‌కి చూపించుకుంటాను" అంది. ఆ ఈల ఇప్పటికీ ఆగలేదు, మిగతాదంతా ఆగిపోయింది. ఎడమ చెవికి లోకం లేదు, ఈల ఉంది. ఈ పదకొండు నెలలూ నేను వాడి చెవులతో ఏమేం చెయ్యాలో అనుకుంటూ గడిపాను. హెడ్‌ఫోన్లు వాడి తలకి తాడేసి బిగించి, మిల్లు మోటారు శబ్దం, మా మోటారు ఇనుప డబ్బాలో రాళ్ళు పోసినట్టు అరుస్తుంది, దాన్ని ఎక్కించి, నాబ్ దగ్గర నేను కూర్చోవాలి. ఒక్కసారిగా తిప్పను. వాడిలాగా కాదు. మెల్లగా. వాడికి తెలిసేలా. జల్లెడ పడుతూ ఇదే ఆలోచిస్తాను, చెయ్యి ఆడుతూ ఉంటుంది, పిండి రాలుతూ ఉంటుంది, లోపల వాడు మోకాళ్ళ మీద ఉంటాడు. వదిన "ఏంటి నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్" అంటుంది. ఏం లేదంటాను. వాడి స్టూడియో తగలబడిందని పేపర్లో చూడాలని రోజూ పేపర్ తిరగేస్తాను, కనపడదు, మంచివాళ్ళ ఇళ్ళే తగలబడతాయి పేపర్లో.

డబ్బా మీట నొక్కాను. కళ్ళు మూసుకుని, ఒక కాలు గుమ్మం వైపు పెట్టి. పేలలేదు. తెర వెలిగింది, ప్యాడ్లు ఒక్కొక్కటే పైనుంచి కిందికి వెలిగి ఆరాయి, నాకు నమస్కారం పెట్టినట్టుంది. కింద తాళాలు చేసే దుకాణంలో అతను తాళంచెవి ఏదో అరగదీస్తున్నాడు, ఆ శబ్దానికి తెర మీద గీత వణికింది, అంటే ఇది ఇప్పటికే వింటోంది. కాస్త ఆగి, ఎనిమిదో తరగతి ఇంగ్లీషుతో అక్షరాలు కూడబలుక్కున్నాను, ఆర్, ఇ, సి. ఎర్ర మీట. నిన్న అది నొక్కింది ఇదే. ఫోన్ తీశాను.

ఈ ఫోన్లో ఒక వాయిస్ మెసేజ్ ఉంది, పదకొండు నెలలుగా ఉంది, నలభై సెకన్లు, వాడిది. అమ్మాయికి తెలియదు. బాత్రూములో కుళాయి విప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున వింటాను, కోపం చల్లబడిందనిపించిన రోజు వింటాను, మళ్ళీ రాజుకుంటుంది. ఆ రాత్రే, ఈల మొదలైన రోజే, వాడు నాకు పంపిన మెసేజ్. "అమ్మా నమస్తే. మీరేం కంగారు పడకండి. పని మధ్యలో నిద్రపోతున్నట్టు కనిపిస్తే సరదాకి ఒక్కసారి నాబ్ ఫుల్లుగా తిప్పాను, అంతే. ఎగిరిపడింది, నాకు నవ్వాగలేదు. రెండ్రోజులు సెలవిద్దామనే అనుకున్నాను. మీరే ఫోన్ చేసి, వద్దు సార్, నాటకాలాడుతోంది, నేను పంపిస్తాను అన్నారు చూడండి, మీ మీద గౌరవం పెరిగింది. ఇలాంటి తల్లి ఉంటే పిల్లలు బాగుపడతారు. నాబ్ సంగతి మాత్రం బయట ఎక్కడా అనకండి, స్టూడియో పేరు పాడవుతుంది. రేపు తొమ్మిదికి పంపించండి."

అవును, ఫోన్ చేశాను. అది అటు స్నానానికి వెళ్ళింది, నేను ఇటు వరండాలోకి వెళ్ళి చేశాను. నాటకాలాడుతోంది అన్నాను, నా నోటితోనే అన్నాను. జీవితమంతా ప్రతిదానికీ భయపడినదాన్ని, దగ్గొస్తే క్షయ అనుకునేదాన్ని, మచ్చ కనిపిస్తే క్యాన్సర్ అనుకునేదాన్ని, ఆ ఒక్క రోజు ఒకదానికి బదులు ఇంకోదానికి భయపడ్డాను. చెవి పోతుందని కాదు, పని పోతుందని. వాళ్ళ నాన్న పోయాక మా ఇద్దరిలో ఒకరికి నీడలో కూర్చుని చేసే పని దొరకడం అదే మొదలు, అది జారిపోతుందేమోనని. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఓర్చుకో నాన్నా, అదే సర్దుకుంటుంది, అన్నాను. ఓర్చుకుంది. ఎనిమిది రోజులు ఆ చెవి మీదే ఆ హెడ్‌ఫోన్ పెట్టుకుని ఓర్చుకుంది. తొమ్మిదో రోజు డాక్టర్, "మొదటి రెండు మూడు రోజుల్లో తెచ్చి ఉంటే మందులకి లొంగి ఉండేదేమో" అన్నాడు. ఆ ఏమో అన్న మాటని ఏ మరలో వేసి ఆడించాలో నాకు తెలియదు. ఓర్చుకోమన్నానని అమ్మాయికి తెలుసు, దానికి నన్ను ఒక్క మాట అనలేదు, మా అమ్మకి తెలియక అంది అని వాళ్ళకీ వీళ్ళకీ సర్దిచెప్పింది కూడా. ఫోన్ చేశానని తెలియదు. సాక్ష్యం లేదమ్మా, గదిలో ఇద్దరమే ఉన్నాం, వాడు పుట్టుకతోనే ఉందేమో అంటున్నాడు అని అది గోడకి తల ఆనించి అన్నప్పుడల్లా నా ఫోన్ కొంగులో నిప్పులా కాలేది. సమయం రావాలి అనుకునేదాన్ని. ఏ సమయమో.

ఫోన్‌ని డబ్బా మైకు దగ్గర పెట్టి ఎర్ర మీట నొక్కాను. వాడి గొంతు గదిలో నిండింది, బాత్రూములో విన్నట్టు కాదు, డబ్బాకి తగిలించిన అమ్మాయి స్పీకర్లు పెద్దవి, వాడు మంచం మీద కాళ్ళు చాపుకుని మాట్లాడుతున్నట్టుంది. నలభై సెకన్లూ అయ్యాయి. తెర మీద వాడి మాటలు ఒక లావు గొంగళిపురుగులా బొచ్చుబొచ్చుగా సాగి పడుకున్నాయి. మొదటి చదరం నొక్కితే, అమ్మా నమస్తే. వేలు తీస్తే ఆగిపోయాడు. మళ్ళీ నొక్కాను, అమ్మా నమస్తే. తీశాను. ఆహా. వాణ్ణి ఆపగలను. ఇన్నాళ్ళలో వాడు మాట్లాడటమే గానీ ఎవరైనా వాడి మాట మధ్యలో ఆపారా? పదిసార్లు నొక్కాను, పదిసార్లు నాకు నమస్తే పెట్టించాను. తర్వాత నిన్న అది తిప్పిన నాబ్, రెండోది, ముట్టుకోవడానికి కొంచెం జంకాను, ముట్టుకున్నాక మాత్రం చల్లగా, అంచున సన్నటి గాట్లతో, మిల్లులో రాళ్ళ మధ్య సందు సరిచేసే చక్రంలా చేతికి అలవాటైనట్టే ఉంది. తిప్పాను. సరదాకి అన్న మాట చిట్లింది. స, ర, ర, దా, దా, కి, కి, కి. ఇది బరక. పద్నాలుగేళ్ళు జల్లెడ పట్టినదాన్ని, వేలి సందులోంచి జారనిస్తే ఏ నంబరు పిండో చెప్పగలను, శబ్దానికీ అలాగే చెప్పొచ్చని నాకెవరూ చెప్పలేదు. ఇంకా తిప్పాను, మొరుం అయింది. ఇంకా, ఇసుక. ఇంకా, గాలికి లేచేంత మెత్తన. ఎక్కడా వాడు లేడు, చక్కెర లేదు, బుసబుసమని పిండి రాలుతోంది. మూడో నాబ్ తిప్పితే ఆ పిండి సన్నబడి దోమ గొంతయింది, ఇటు తిప్పితే కడుపుబ్బిన దూడలా మూలిగింది. ఒక మీట ఉంది, నొక్కితే మాట ఎక్కడుంటే అక్కడే గడ్డకడుతుంది, నవ్వాగలేదు అన్నదాంట్లో న్ దగ్గర నొక్కాను. న్‌న్‌న్‌న్ అని ముక్కులో ఇరుక్కుపోయాడు. బయటికి రాలేడు, లోపలికి పోలేడు. "ఉండు" అన్నాను పైకే. "అక్కడే ఉండు. నీకిప్పుడు ఈల వినిపిస్తోందా? ఎలా ఉందిరా?" లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి, ఇంకో గ్లాసు పట్టుకొచ్చాను, వాడు ఇంకా అక్కడే ఇరుక్కుని ఉన్నాడు. పదకొండు నెలల్లో మొదటిసారి నాకు ఆకలేసింది.

ఫోన్ మోగింది, ఉలిక్కిపడి చేతిలో గ్లాసు ఒలకబోశాను, నీళ్ళు డబ్బాకి జానెడు దూరంలో ఆగాయి, కొంగుతో అద్దేశాను. అమ్మాయే. "పడ్డావా?" అన్నాను. "ఎక్కడ పడతానమ్మా? కాగితం ఇచ్చారు. బయల్దేరాను. ఏంటా శబ్దం, మిక్సీ కాలిపోతోందా?" "ఏం లేదు, కింద తాళాలవాడు." "సరే విను, సంఘం సెక్రటరీ ఫోన్ చేశాడు. కాగితం ఒక్కటే సరిపోదట. చెవి పోయిందని కాగితం చెప్తుంది గానీ ఎవరు పోగొట్టారో చెప్పదుగా అన్నాడు. ఇవాళ సాక్ష్యం ఏమీ లేకపోతే ఫైలు మూసేస్తారు. మూసేస్తే వాడు స్టూడియోల వాళ్ళందరికీ నేను అబద్ధాలకోరునని చెప్పుకుంటాడు, ఇక ఎవరూ పని ఇవ్వరు." బస్సు కండక్టరుని టికెట్ అడిగింది. "పోనీలే అమ్మా. డబ్బా ఉందిగా. ఇంట్లో కూర్చుని నీ అయ్యోలు రుబ్బుకుంటా." నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు, చిన్నప్పుడు పరీక్ష పోయినప్పుడు నవ్విన నవ్వే.

ఫోన్ పెట్టేసి వాడి న్‌న్‌ని ఆపాను. గదిలో హఠాత్తుగా ఏమీ లేదు. పావుగంట ఉంది. అప్పుడు తోచింది, ఇన్నాళ్ళూ తోచనిది, ఈ పెట్టె కొయ్యగలదు కదా. నిన్న అది నా అయ్యో ముందు దగ్గునీ, వెనక నిట్టూర్పునీ కోసి పారేసింది. తెర మీద రెండు గీతలుంటాయి, ఇది మొదలు, ఇది చివర, నాబ్‌తో జరుపుకోవడమే. మొదటి ప్యాడ్‌లో, అమ్మా నమస్తే నుంచి నవ్వాగలేదు వరకు. రెండో ప్యాడ్‌లో, నాబ్ సంగతి బయట అనకండి నుంచి చివరిదాకా. మధ్యలో నేను, రెండ్రోజుల సెలవూ, నా ఫోనూ, నాటకాలూ, ఇలాంటి తల్లీ, అవి ఎక్కడా ఉండవు. వాడు పూర్తిగా మునుగుతాడు, నేను ఒడ్డున ఉంటాను. పప్పులో రాయి ఏరినట్టు ఏరేస్తాను. వేళ్ళు చెమటపట్టి నాబ్ మీద జారుతుంటే మళ్ళీ మళ్ళీ వింటూ జరిపాను, నవ్వాగలే, నవ్వాగలేదు, నవ్వాగలేదు రెం, వెనక్కి, ఆఁ, అక్కడ. రెండూ ఒకదాని వెంట ఒకటి నొక్కాను. నాకు నవ్వాగలేదు. టప్. నాబ్ సంగతి మాత్రం బయట ఎక్కడా అనకండి. మధ్యలో టప్‌మంది. గోరుతో గాజుని కొట్టినట్టు. మళ్ళీ జరిపాను. టప్. ఇంకోచోట. టప్. నిన్న అది నాకు చూపించింది, అల పైకీ కిందికీ పోతూ మధ్యగీతని తాకే చోటే కొయ్యాలి, గాల్లో ఉండగా కోస్తే టప్‌మంటుంది అని. అంటే అంటుంది, ఎవరు పట్టించుకుంటారే అన్నాను. "సౌండ్ పనివాళ్ళకి ఆ టప్ చాలమ్మా, ఇక్కడెవరో కత్తి పెట్టారని" అంది. విచారణలో కూర్చునేవాళ్ళు ఏడుగురు, ఏడుగురూ సౌండ్ పనివాళ్ళే. మధ్యగీతని తాకే చోటు వెతికాను, నా కళ్ళకి ఆ బొచ్చులో ఏది గీతో ఏది అలో తెలియలేదు, అద్దాలు పెట్టుకుని వెతికాను, ఒక టప్ పోతే వాడి ఊపిరి సగంలో తెగి ఇంకొకటి వచ్చింది.

అయితే మెత్తగా ఆడిస్తే? టప్ నలిగిపోతుంది కదా. రెండో నాబ్ తిప్పాను. టప్ మెత్తబడింది, నిజమే, పోయింది, కానీ దానితోపాటు దాని చుట్టూ ఉన్నది కూడా పిండయింది, నాబ్ ఫుల్లుగా తిప్పాను అన్నది ఫుఫుల్లుతితిప్‌ అయింది. తగ్గిస్తే మాట తేలింది, టప్ కూడా తేలింది. పెంచితే టప్ మునిగింది, వాడు చేసిన పని కూడా మునిగింది. నన్ను దాచాలంటే వాణ్ణి కూడా దాచాల్సి వస్తోంది. అప్పుడు ఇంకో సంగతి వెన్నులో పాకింది, చచ్చినా ముందు ఎందుకు తోచలేదో, భయపడటమే పనిగా పెట్టుకున్నదాన్ని. ఈ మెసేజ్ పంపింది వాడు. వాడి ఫోన్లో కూడా ఉంటుంది. తనకే చేటని ఇన్నాళ్ళూ బయటపెట్టలేదు. మేం కోసిన ముక్క వినిపించిన మరుక్షణం వాడు మొత్తం తీసి వినిపిస్తాడు, చూశారా, తల్లీకూతుళ్ళు గొంతులు కోసి అతికించేవాళ్ళు, వీళ్ళ చెవి కాగితం కూడా ఇలాంటిదే అంటాడు, ఆ తియ్యటి గొంతుతో అంటాడు, ఏడుగురూ తల ఊపుతారు, నా బిడ్డ అక్కడ కుడి చెవి ముందుకు పెట్టి అర్థం కాక అటూ ఇటూ చూస్తూ ఉంటుంది. దాన్ని రెండోసారి వాడికి నేనే అప్పజెప్పినట్టవుతుంది. తొమ్మిదికి పంపించినట్టు.

లేదు. మొత్తం వినిపించాలి. ఇందులో నా గొప్పేమీ లేదు, పశ్చాత్తాపమూ కాదు, అది వేరే ఉంది, దాని బరువు వేరు. నాకు వాడు కావాలి. వాడు ఆ ఏడుగురి ముందు తన గొంతు తనే విని నోరు తెరవలేకపోవడం చూడాలి. దానికి నేను కూడా దొరికిపోవాలంటే దొరికిపోతాను. వాణ్ణి పట్టుకుని దూకాలంతే.

మెట్ల మీద అడుగులు. "ఏంటమ్మా, రబ్బరు అరిగేలా నొక్కేశావా?" అంటూ వచ్చింది. చేతిలో కాగితం. "కుడిది బ్రహ్మాండంగా ఉందట. ఎడమది ఇంతేనట, ఇక మారదు." చెవిపోగు ఒకటి కొన్నాను అన్నంత మామూలుగా చెప్పింది. "కూర్చో" అన్నాను. "అన్నం తిన్నాక." "ముందు కూర్చో." నా మొహం చూసి కూర్చుంది. ఫోన్ దాని కుడి చెవి దగ్గర పెట్టి మెసేజ్ నొక్కాను, మొత్తం, ఎక్కడా కొయ్యనిది. నమస్తే దగ్గర ఎవరో గుర్తుపట్టి కళ్ళు పెద్దవి చేసింది. ఫుల్లుగా తిప్పాను దగ్గర నా మణికట్టు పట్టుకుంది, దొరికాడన్నట్టు, గట్టిగా. నాటకాలాడుతోంది దగ్గర ఆ పట్టు వదిలింది. చివరిదాకా విన్నది. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని తనే మళ్ళీ పెట్టుకుంది, కళ్ళు మూసుకుని విన్నది, ఏదో గీరు వెతుకుతున్నట్టు.

"నువ్వన్నావా అలాగ?"

"అన్నాను."

"నేనేం చేస్తున్నాను అప్పుడు?"

"స్నానం."

తల ఊపింది. తేదీ చూసింది. "పదకొండు నెలలు దాచావు." నేను ఏదో చెప్పబోయాను, పని పోతుందనీ, భయమేసిందనీ. "వద్దమ్మా" అంది, గొంతు పెంచకుండా. "ఇప్పుడు చెప్పకు. అక్కడ చెప్పు. ఇది ఎవరికీ పంపకు, తుడవకు, నీ ఫోన్లోంచే వినిపించాలి. ఆ ఫోన్ చేసింది నేనేనని నువ్వే లేచి చెప్పాలి. లేకపోతే గొంతు నాది కాదంటాడు."

"చెప్తాను."

"అందరి ముందూ."

"వాడి మొహం చూస్తూ చెప్తాను."

అది లేచి టేబుల్ దగ్గరికెళ్ళి, అలవాటుగా ప్యాడ్ నొక్కింది. ఫుఫుల్లుతితిప్ అన్నాడు వాడు. ఒక్క క్షణం దాని పెదవి మూల కదిలింది. నాబ్‌ని ఒక గాటు వెనక్కి తిప్పి మళ్ళీ నొక్కింది, వాడు ఇంకొంచెం బాగా చిట్లాడు. "గింజ మరీ సన్నం చేశావు. కాస్త పెద్దదుంటే ఎవరో తెలిసేది" అని, ఏదో మీట నొక్కి దాన్ని దాచింది. "ఉండనీ. దీనితో పని ఉంది నాకు." నా వైపు చూడలేదు. అన్నం తినలేదు, నేనూ అడగలేదు.

పన్నెండున్నరకి బయల్దేరాం. ఈ పదకొండు నెలలూ రోడ్డు మీద అది నన్ను తన కుడి పక్కనే నడిపించుకుంది, నా మాట వినబడాలని, నేను మర్చిపోయి ఎడమకి పోతే భుజం పట్టి ఇటు లాక్కునేది. ఇవాళ గేటు దాటగానే తనే రెండడుగులు పక్కకి వేసి, నన్ను ఎడమ వైపుకి వదిలింది. అలవాటు కొద్దీ అటు మారబోయాను. ఆగాను. "ఎండగా ఉంది, గొడుగు తేవాల్సింది" అన్నాను. తిరగలేదు. వినబడదు కదా. తాళాల దుకాణం దాటాం, బస్సు స్టాపు దాకా ఎడమ పక్కనే నడిచాను, ఫోన్ గుండెకి అదిమిపెట్టుకుని, వాడి ముందు లేచి నిలబడి అనాల్సిన మొదటి మాట దాని చెవిటి చెవికి చెప్తూ. ఫోన్ చేసింది నేనే. ఫోన్ చేసింది నేనే సార్. సార్ తీసేశాను. ఫోన్ చేసింది నేనే. నాలుగోసారికి గొంతు వణకలేదు.